మస్కట్ గొడవ: ఫైటింగ్ ఐరిష్ ఉండొచ్చు గానీ ఫైటింగ్ ఇండియన్స్ కుదరదా?

సౌత్‌బెండ్ సుబ్బు (శనివారం, ఉదయం 9.10)

మావాడికి తొమ్మిదేళ్ళు. ఇక్కడి పార్కులో పిల్లల బాస్కెట్‌బాల్ లీగ్ ఆడతాడు. టీమ్‌లో పది మందైతే ఆరుగురు మనవాళ్ళే: నలుగురు తెలుగు, ఒకడు తమిళం, ఒకడు గుజరాతీ. ఈ సీజన్‌కి మీరే పేరు పెట్టుకోండి అన్నారు. వాట్సాప్ గ్రూపులో నేను సరదాకి ‘ఫైటింగ్ ఇండియన్స్’ అని పెట్టాను. మేముండేది నోటర్ డేమ్ యూనివర్సిటీకి నాలుగు మైళ్ళ దూరం. ఊళ్ళో ఏ షాపు అద్దం చూసినా వాళ్ళ టీమ్ పేరు, ‘ఫైటింగ్ ఐరిష్’ అన్న అక్షరాలే. పక్కన వాళ్ళ మస్కట్, అంటే టీమ్ గుర్తు బొమ్మ: పిడికిళ్ళు బిగించిన ఆకుపచ్చ టోపీ మరుగుజ్జు, దాన్నే లెప్రకాన్ అంటారు. ఆ వరసలోనే తోచింది నాకు.

మనవాళ్ళంతా నవ్వే బొమ్మలు పెట్టారు. రాత్రి పదకొండింటికి కోచ్ ఫోను. ‘ఆ మెసేజ్ తీసెయ్యవా, ప్లీజ్’ అన్నాడు. ఆయన టెన్షన్ చూసి నాకే చెమటలు పట్టాయి.

నా డౌట్ ఏంటంటే, మేం నిజంగానే ఇండియన్స్ కదండీ. పాస్‌పోర్టు మీద అచ్చేసి ఉంది. ఇక్కడి ఆదివాసుల్నీ ఇండియన్స్ అనే అంటారని తెలుసు; వాళ్ళ మీద పెట్టిన పేరని వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్ వాళ్ళు 2020లో రెడ్‌స్కిన్స్ తీసేశారు, ఆ తరవాత బేస్‌బాల్ టీమ్ క్లీవ్‌లాండ్ ఇండియన్స్ కాస్తా గార్డియన్స్ అయ్యారు. ఈ మరుగుజ్జు జోలికి మాత్రం ఎవరూ పోరేం?

బందరు బాబాయి (9.41)

సుబ్బూ, పైన మస్కట్ గొడవ అని చూసి గల్ఫ్ వీసాల సంగతేమోనని పరిగెత్తుకొచ్చా. తీరా చూస్తే బొమ్మల కొలువు.

ఐరిష్ వాళ్ళకి నొప్పి లేదు, మధ్యలో మనకెందుకు? రెడ్ ఇండియన్ల పేర్లు కూడా వీరులనే పెట్టారు గానీ తిట్టడానికి కాదుగా. ఎవరైనా తన టీమ్‌కి పిరికివాళ్ళ పేరు పెట్టుకుంటాడా? గౌరవమే అది. ఈ కాలం వాళ్ళకి ఉలుకెక్కువ.

చలిపులి (10.25)

బాబాయ్, ‘గౌరవమే’ అన్న మాట నేను గ్రాండ్ ఫోర్క్స్‌లో రెండేళ్ళు రోజూ విన్నాను. 2010లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ డకోటాలో ఎంఎస్‌కి చేరా. అప్పటికి వాళ్ళ పేరు ‘ఫైటింగ్ సూ’. సూ అంటే అక్కడి తెగ. బయట మైనస్ ముప్ఫై, లోపల హాకీ స్టేడియం ఇంద్రభవనం. తోలు సీట్లు, గ్రానైట్ నేల. ఆ నేల మీద ఈకలు పెట్టుకున్న యోధుడి ముఖం చెక్కి ఉంటుంది. వరస చివర సీటు పక్కన చెయ్యి పెడితే అక్కడా అదే ముఖం, లోహంతో, చల్లగా తగులుతుంది. కట్టించిన దాత పేరు రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్. పేరు మారిస్తే పని సగంలో ఆపేస్తానని ముందే బెదిరించాడట. అందుకే ఎటు చూసినా వేల సంఖ్యలో ఆ లోగోలు.

మా ల్యాబ్‌లో స్టాండింగ్ రాక్ (సూ తెగవాళ్ళ రిజర్వేషన్) నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. ఎందుకని ఒకసారి అడిగాను. ‘మీవాళ్ళు మమ్మల్ని పొగుడుతున్నారు, నిజమే. కానీ అవతలి కాలేజీ వాళ్ళు మీ టీమ్‌ని తిట్టాలంటే ఎవరి పేరు పెట్టి తిడతారు?’ అంది. అప్పటిదాకా నాకది తట్టలేదు. అవతలి ఫ్యాన్స్ బూతు పక్కన ‘సూ’ అని కలిపి అరుస్తారు, టీషర్టుల మీద అచ్చేసుకుంటారు. వాళ్ళ లెక్కలో తిట్టేది హాకీ టీమ్‌ని. చెవిన పడేది ఆ అమ్మాయికి.

అలాగని తెగవాళ్ళంతా ఒకే మాట మీద ఉన్నారనుకోకండి. ఆ లోగో గీసింది ఒజిబ్వే తెగ ఆర్టిస్టే. 2009లో స్పిరిట్ లేక్ అనే ఇంకో సూ రిజర్వేషన్ వాళ్ళు ఓటేస్తే మూడింట రెండు వంతులు పేరు ఉంచమన్నారు. స్టాండింగ్ రాక్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. రెండు తెగలూ సరేనంటేనే ఉంచాలని రాజీ, కాబట్టి ఆగిపోయింది. 2012 జూన్‌లో రాష్ట్రమంతా ఓటేశారు. విచిత్రమేంటంటే ఈసారీ మూడింట రెండు వంతులే, కాకపోతే తీసెయ్యమని. 2015లో ‘ఫైటింగ్ హాక్స్’ అయింది.

మైథిలి (11.50)

సుబ్బు గారూ, ఐరిష్ వాళ్ళ పేరు కూడా మొదట్లో పండగేమీ కాదు. అది వాళ్ళని అవతలివాళ్ళు అన్న మాట.

1845 నుంచి ఐర్లాండ్‌లో బంగాళదుంప పంట కుళ్ళిపోయి పది లక్షల మంది పోయారు. అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కారు. ఇక్కడికొస్తే, కాథలిక్కులని, తాగుబోతులని, కొట్లాటగాళ్ళని ముద్ర. థామస్ నాస్ట్ అని పెద్ద పేరున్న కార్టూనిస్టు, ‘హార్పర్స్ వీక్లీ’లో ఐరిష్‌వాణ్ణి అచ్చం కోతిలా గీసేవాడు: ముందుకి పొడుచుకొచ్చిన దవడ, గడ్డం చుట్టూ వెంట్రుకలు, చేతిలో సీసా. ‘ఐరిష్ వాళ్ళు అప్లై చెయ్యక్కర్లేదు’ అన్న ఉద్యోగ ప్రకటనలు అసలు లేవు, అదంతా కట్టుకథ అని 2002లో ఒక ప్రొఫెసర్ పేపర్ రాస్తే, 2015లో పద్నాలుగేళ్ళ స్కూలు పిల్ల పాత పత్రికలు తిరగేసి అవి ఉన్నాయని చూపించింది. (ఆ పిల్లకి నా తరఫున ఒక దండం.)

ఇప్పుడు మీ ఊరి కథ. 1924 మే 17, శనివారం. కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల సంఘం వాళ్ళు సౌత్ బెండ్‌లో ఊరేగింపు పెట్టుకున్నారు. అప్పట్లో ఇండియానాలో క్లాన్ అంటే సందు చివర గ్యాంగ్ కాదు. ఆ ఏడాది నవంబరులో గవర్నరుగా గెలిచినాయన వాళ్ళ అండతో గెలిచినవాడే. వాళ్ళకి కాథలిక్కులంటే పడదు. నోటర్ డేమ్ ఏమో కాథలిక్ యూనివర్సిటీ. అక్కడి కుర్రాళ్ళు రైల్వే స్టేషన్‌కే వెళ్ళి, దిగినవాళ్ళని దిగినట్టే పట్టుకుని ముసుగులు లాగేశారు. తరవాత వాళ్ళ ఆఫీసు ముందు చేరారు. పై అంతస్తు కిటికీలో ఎర్ర బల్బులతో సిలువ వెలుగుతోంది. కింద కిరాణా కొట్టు. కొట్టు బయట బస్తాల్లో ఏమున్నాయో చెప్పుకోండి చూద్దాం. బంగాళదుంపలు! వాటితోనే ఒక్కో బల్బూ కొట్టారు. ఆఖరి బల్బు పగలగొట్టింది ఫుట్‌బాల్ టీమ్ క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపించేవాడు) హ్యారీ స్టూల్‌డ్రెహర్ అంటారు. తరవాతి సోమవారం మళ్ళీ గొడవైతే యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఫాదర్ మాథ్యూ వాల్ష్ స్వయంగా వచ్చి పిల్లల్ని వెనక్కి పంపాడు.

మూడేళ్ళకి, 1927లో, అదే ఫాదర్ వాల్ష్ ‘ఫైటింగ్ ఐరిష్’ అన్న పేరుకి అధికారికంగా సరే అన్నాడు. అంతకుముందు పత్రికలవాళ్ళు వాళ్ళని రాంబ్లర్స్ అని, నోమాడ్స్ అని, కాథలిక్స్ అని నోటికొచ్చినట్టు రాసేవాళ్ళు. ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాలుగు కథలున్నాయి. నాకు నమ్మబుద్ధయ్యేది ఒకటే: ఎదుటివాళ్ళు వెక్కిరింపుగా అరిచింది వీళ్ళు తీసి జేబులో వేసుకున్నారు.

లెక్కల మాస్టారు (మధ్యాహ్నం 1.15)

కథ బాగుంది మైథిలి గారూ, లెక్క సరిపోలేదు. ‘వీళ్ళు’ ఎవరండీ? 1842లో ఆ యూనివర్సిటీ పెట్టిన ఫాదర్ సోరిన్ ఫ్రెంచివాడు. పేరూ ఫ్రెంచే, అమెరికన్లు నోట్లో నలిపి ‘నోటర్ డేమ్’ చేశారు. దాన్ని ఆకాశానికెత్తిన కోచ్ నూట్ రాక్నీ నార్వేలో పుట్టాడు, 1925 దాకా కాథలిక్కే కాదు. 1964లో టీమ్‌ని మళ్ళీ లేపిన ఆరా పార్సేగియన్ ఆర్మేనియన్ ఇంటివాడు, ప్రెస్బిటీరియన్, అంటే ప్రొటెస్టెంటు. దుంప విసిరిన స్టూల్‌డ్రెహర్ ఇంటిపేరు చూడండి, అది ఐరిషా? టీమ్ నిండా పోలిష్, ఇటాలియన్, జర్మన్ కుర్రాళ్ళు.

అంటే ‘మా పేరు మేం పెట్టుకున్నాం’ అన్న వాదన సగమే. ఇంకో సంగతి. ఆ క్యాంపస్ నేల పొటావాటమి తెగ కోసం పెట్టిన మిషన్‌ది. 1838లో ఆ తెగవాళ్ళని తుపాకులు చూపించి కాన్సాస్ దాకా నడిపించారు. దారిలో నలభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. వాళ్ళతో నడిచిన ఫాదర్ పెటీ తిరిగొస్తూ సెయింట్ లూయిస్‌లో చనిపోయాడు. ఆయన సమాధి ఆ క్యాంపస్‌లో చెక్క చర్చి దగ్గరే ఉంది. సుబ్బు గారు ఒక ఆదివారం వెళ్ళి చూడచ్చు. అక్కడ ఐరిష్ వాళ్ళు అడుగు పెట్టేనాటికి అసలువాళ్ళలో చాలామంది లేరు.

మైథిలి (1.40)

మాస్టారూ, ఒప్పుకుంటా. ఒక చిన్న చేర్పు. ఆ మెయిన్ బిల్డింగ్ గోడల మీద కొలంబస్ బొమ్మలుండేవి, 1880ల్లో వేయించినవి. కాథలిక్కులు కూడా అమెరికన్లేనని చాటుకోవడానికి వేయించుకున్నారు. వాటిలో అక్కడి తెగల మనుషులు అణిగిమణిగి ఉన్నట్టు కనిపిస్తారు. విద్యార్థులు ఏళ్ళ తరబడి అడిగితే 2019లో వాటిని కప్పేస్తామని యూనివర్సిటీ ప్రెసిడెంటు ప్రకటించాడు. అదే యూనివర్సిటీ లెప్రకాన్‌ని మాత్రం ముట్టుకోలేదు. 2021లో ఒక సర్వేలో జనానికి కష్టం కలిగించే కాలేజీ మస్కట్‌లలో లెప్రకాన్‌కి నాలుగో స్థానం వస్తే, ‘ఆ తెగల పేర్లు తెగలవాళ్ళు పెట్టుకున్నవి కావు, ఇది మేం పెట్టుకున్నది, రెండిటికీ పోలికే లేదు’ అన్న అర్థంలో జవాబిచ్చారు.

పేరు సంగతి సరే. బొమ్మ దగ్గర నాకు పేచీ ఉంది. 1964లో ఒక ఆర్టిస్టు 50 డాలర్లకి అమ్మిన గీత అది. మరుసటి ఏడాది నుంచి అధికారిక మస్కట్. అంతకుముందు వాళ్ళకి ఐరిష్ టెరియర్ కుక్కలుండేవి, ఎవరికీ బాధ లేకుండా. ఆ లెప్రకాన్ దవడ, గడ్డం చూసి పక్కన నాస్ట్ కార్టూన్ పెట్టుకోండి. అన్నదమ్ముల్లా ఉంటారు.

బందరు బాబాయి (2.05)

కుక్కే నయం. కుక్కల సంఘం వాళ్ళు కూడా ఫోను చేస్తారేమో ఇకమీదట.

కార్క్ కాపురం (సాయంత్రం 4.30)

మీరంతా అమెరికా నుంచి చెబుతున్నారు కాబట్టి ఐర్లాండ్ నుంచి ఒక మాట. మేం కార్క్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాం. 2023 ఆగస్టులో నోటర్ డేమ్, నేవీ జట్లు డబ్లిన్‌లో ఆడాయి (42–3, ఏకపక్షం). ఆ వారం డబ్లిన్ వెళ్ళి చూడాలి, వీధుల నిండా ఆకుపచ్చ చొక్కాల అమెరికన్లు. నా ఆఫీసులో ఐరిష్ వాళ్ళకి ‘ఫైటింగ్ ఐరిష్’ అంటే కోపం లేదు, గర్వమూ లేదు. వాళ్ళ హోటళ్ళు నిండాయి, సంతోషం. ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటే వాళ్ళకి అర్థం కాదు.

లెప్రకాన్ పేరెత్తితే మాత్రం మొహం అదోలా పెడతారు. పాత కథల్లో వాడు చెప్పులు కుట్టుకునే ఒంటరివాడు. ఎవరి జోలికీ రాడు, పట్టుకుంటే మాటలతో బోల్తా కొట్టించి పోతాడు. కుస్తీకి దిగే రకం కాదు. పాత వర్ణనల్లో కోటు కూడా ఎరుపే. ఆకుపచ్చ కోటు, పిడికిళ్ళు అన్నీ సముద్రం అవతల తగిలించినవి. ‘ఎయిర్‌పోర్టులో కీచైన్ల మీద ఉంటాడే, వాడేగా’ అంది మా టీమ్ లీడ్. అమెరికా ఐరిష్ వాళ్ళని చాటుగా ‘ప్లాస్టిక్ పాడీ’, అంటే నకిలీ ఐరిష్‌వాడు అంటారు. అంటే ఒక్క మాట కింద రెండు జాతులున్నాయి. ఇక్కడ పుట్టినవాళ్ళు ఒకటి, నాలుగు తరాల కింద వెళ్ళిపోయి మార్చి 17న, సెయింట్ ప్యాట్రిక్ పండగకి, గుర్తు తెచ్చుకునేవాళ్ళు ఇంకోటి. ఆ బొమ్మ రెండోవాళ్ళది.

మాకు ఇరవై కిలోమీటర్లలో మిడిల్టన్ అనే ఊరుంది. అక్కడ పార్కులో స్టీలు ఈకలు తొమ్మిది, ఒక్కోటి రెండంతస్తుల ఎత్తు, గుండ్రంగా నిలబెట్టారు. ఖాళీ గిన్నెలా ఉంటుంది. 1847లో కరువప్పుడు చాక్టా తెగవాళ్ళు తమలో తాము చందాలేసుకుని ఐర్లాండ్‌కి డబ్బు పంపారు, 170 డాలర్లని చెబుతారు. అప్పటికి వాళ్ళని సొంత నేల నుంచి తరిమేసి పదహారేళ్ళే. దానికి గుర్తు. వానలో వెళ్ళాం, మా పాప ఈకల మధ్య చేతులు చాపి నిలబడింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు నవాహో, హోపీ తెగల కోసం చందా అడిగితే ఐర్లాండ్ నుంచి కుప్పలుగా డబ్బు వెళ్ళింది. ఇక్కడివాళ్ళు ఆ అప్పు గుర్తుపెట్టుకున్నారు. మస్కట్ వాదనలో ఐరిష్ వాళ్ళని తెగల మీదకి సాక్ష్యం తెస్తుంటే (‘వాళ్ళకి లేని బాధ మీకేంటి’ అని) నాకు ఆ ఈకలే గుర్తొస్తాయి.

హాస్టల్ పక్షి (6.20)

ఇంత దూరం వెళ్ళి మన ‘గుల్టి’ని మరిచిపోతే ఎలా? తెలుగు అన్న మాటని తిరగేస్తే వచ్చిందంటారు. ఉత్తరాదిలో చదివిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. మెస్ లైన్లో వెనకనుంచి ‘ఓయ్ గుల్టీ’ అని వినపడితే చెవులు కాలేవి.

మూడో ఏడు మేమే ఇంటర్ హాస్టల్ క్రికెట్‌కి ‘గుల్టీ గ్యాంగ్’ అని టీషర్టులు కుట్టించాం. అంతే, విషం దిగిపోయింది. మాకు వికెట్ కీపర్ లేక ఢిల్లీ కుర్రాడొకణ్ణి లాక్కొచ్చాం. వాడూ ఆ టీషర్టే వేసుకున్నాడు, ఎవరికీ ఏమీ అనిపించలేదు. మాస్టారు చెప్పిన నార్వే కోచ్ కేసు అదేననుకుంటా. మాతో కలిసి ఎండలో నిలబడ్డవాడు మావాడే.

ఫైనల్ ముందురోజు అవతలి హాస్టల్ వాళ్ళు నోటీసు బోర్డు మీద బొమ్మ గీశారు. లుంగీ, నూనె జుట్టు, చేతిలో అన్నం ముద్ద మోచేతి దాకా కారుతూ. కింద అదే మాట, ‘గుల్టీ గ్యాంగ్’. ఒక్క అక్షరం మార్చలేదు. అడిగితే, ‘మీరు పెట్టుకున్న పేరే కదరా’ అన్నారు. జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

చలిపులి (6.55)

పక్షీ, నీ కథ తిరగేసి ఆడినవాళ్ళున్నారు. 2002లో యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ కొలరాడోలో కొందరు కుర్రాళ్ళు, వాళ్ళలో తెగలవాళ్ళూ ఉన్నారు, దగ్గర్లోని హైస్కూలు ఇండియన్ బొమ్మ తీసెయ్యలేదని తమ బాస్కెట్‌బాల్ టీమ్‌కి ‘ఫైటింగ్ వైట్స్’ అని పేరు పెట్టారు. మస్కట్ సూటూ టై వేసుకున్న తెల్ల పెద్దమనిషి. తెల్లవాళ్ళకి మండుతుందనుకున్నారు. మండలేదు, విపరీతంగా నచ్చింది! టీషర్టులకి దేశమంతటి నుంచి ఆర్డర్లు. ఆ డబ్బుతో స్కాలర్‌షిప్పులు పెట్టారు. అధికారం ఉన్నవాణ్ణి వెక్కిరించినా అది వాడికి ముద్దుగానే ఉంటుందని తేలింది.

బాబాయ్ అడగబోయే ప్రశ్నకి ముందే జవాబు: కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ 2005లో పద్దెనిమిది కాలేజీలని పట్టుకుంది, తన పెద్ద టోర్నీల్లో ఇలాంటి పేర్లూ బొమ్మలూ చూపించకూడదంది, ఆ కాలేజీలకి టోర్నీలు నిర్వహించే అవకాశం ఇవ్వనంది. ఫ్లోరిడా స్టేట్ వాళ్ళ ‘సెమినోల్స్’ని వదిలేసింది, ఫ్లోరిడా సెమినోల్ తెగే మాకు సమ్మతమంది కాబట్టి. ఇల్లినాయ్ వాళ్ళు మాత్రం నాట్యం చేసే ‘చీఫ్’ని 2007లో ఆపాల్సి వచ్చింది. ఆ చీఫ్ పేరు ఇల్లినాయ్ తెగలది, వేసుకున్న బట్టలు వేరే తెగ, లకోటా వాళ్ళవి. మన కూచిపూడికి భాంగ్రా తలపాగా కట్టినట్టు.

బందరు బాబాయి (7.30)

అడగబోయింది అదే, సరే. నేనింకా మారలేదు గానీ ఆ టీషర్టుల తిట్ల ముక్క మాత్రం మధ్యాహ్నం నుంచి కెలుకుతోంది. మా ఊరి పేరు పెట్టి ఎవడైనా బూతు అచ్చేసుకుంటే ఊరుకునేవాణ్ణా? ఊరుకోను. ఈసారికి అంతే.

అడ్మిన్ (7.48)

కులాల మీదకి మళ్ళిన మూడు పోస్టులు తీసేశాను. చర్చ అసలు విషయం మీదే ఉంచండి.

సౌత్‌బెండ్ సుబ్బు (ఆదివారం, రాత్రి 8.05)

అందరికీ థ్యాంక్స్. మాస్టారు చెప్పిన చెక్క చర్చికి పొద్దున వెళ్ళాం. మావాడు సమాధి ముందు పలక చదివి, ‘ఆ ఇండియన్సూ మనమూ ఒకటేనా నాన్నా?’ అన్నాడు. కాదన్నాను. ‘మరి వాళ్ళ పేరు మనకెలా వచ్చింది?’ అన్నాడు. మన పేరే వాళ్ళకి పొరపాటున తగిలించారని, కొలంబస్ దారి తప్పాడని చెప్పాను. ‘అయితే వాళ్ళకి తిరిగిచ్చెయ్యమనొచ్చుగా’ అన్నాడు. ఎవరు ఎవరికి తిరిగివ్వాలో నాకే తికమకైంది. ఐస్‌క్రీమ్ కొనిచ్చాను.

కోచ్‌కి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఆయన నాయనమ్మ పొటావాటమి అట. మూడేళ్ళుగా తెలిసిన మనిషి, ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పేరు పిల్లలే ఓటేసుకున్నారు. ‘స్పైసీ పికిల్స్’. పది మందిలో ఎనిమిది ఓట్లు. లోగోకి ఆవకాయ జాడీ, దానికి కళ్ళు, బిగించిన పిడికిళ్ళు.

మైథిలి (8.20)

సుబ్బు గారూ, ఆవకాయ జాడీకి పిడికిళ్ళా! మనం కారం తప్ప ఇంకేమీ కాదని ఈ దేశంలో ఇప్పటికే అనుకుంటున్నారు. వచ్చే సీజన్లో అవతలి టీమ్ పిల్లలు ముక్కు మూసుకుని ‘పికిల్’ అని అరిస్తే?

కార్క్ కాపురం (8.31)

పైగా మాగాయ వాళ్ళని అడిగారా?

సౌత్‌బెండ్ సుబ్బు (8.40)

జెర్సీలకి డబ్బు కట్టేశామండీ.